కమలా హారిస్ పోలీసుల పక్షమా, బాధితుల పక్షమా? ఇరవై ఏళ్ళ రికార్డు వరసగా చూద్దాం

2024 అమెరికా ఎలక్షన్ టైంలో కమలా హారిస్ గురించి రెండు రకాల ప్రచారం నడిచింది. ఒకళ్ళేమో ఆవిడ పోలీసుల బడ్జెట్ కోసేయాలన్న మనిషి, గెలిస్తే దేశం దొంగల పాలవుతుంది అన్నారు. ఇంకోళ్ళేమో ఆవిడే పెద్ద పోలీస్, ప్రాసిక్యూటర్‌గా ఉన్నన్నాళ్ళూ నల్లజాతి కుర్రాళ్ళని జైళ్ళకి పంపి ఇప్పుడు ఓట్ల కోసం న్యాయం అంటోంది అన్నారు. ఒకే మనిషి ఈ రెండూ ఎలా అవుతుంది అని అడిగితే రెండు వైపుల వాళ్ళూ పాత వీడియో క్లిప్పులు తీసి చూపిస్తారు, వాటిల్లో నిజమైనవి కూడా బోలెడు ఉన్నాయి, అందుకే మామూలుగా చదివే వాళ్ళకి ఏదీ అర్థం కాకుండా పోయింది.

నేను చూసినంతలో దీన్ని విడదీయడానికి ఒకటే దారి. ఆవిడ ఏ మాట ఎప్పుడు అంది అన్నది కాదు, ఆ మాట అన్న రోజు ఏ పదవిలో ఉంది, ఆ పదవికి పోలీసుల మీద నిజంగా ఎంత పవర్ ఉంది, ఆ పవర్‌తో ఏం చేసింది, ఈ మూడూ పక్కపక్కన పెట్టి చూడాలి. అలా చూస్తే ఒక విషయం బయటపడుతుంది, చేతిలో నేరుగా పవర్ ఉన్న రోజుల్లో ఆవిడ చాలా జాగ్రత్తగా చిన్న అడుగులు వేసింది, పవర్ అంతగా లేని రోజుల్లో పెద్ద మాటలు చెప్పింది. ఇది ఆవిడ ఒక్కదాని జబ్బు కాదు, అమెరికాలో పోలీసుల మీద మాట్లాడే లీడర్లలో చాలామందిది ఇదే కథ, కానీ ఆవిడ దాదాపు అన్ని మెట్లూ ఎక్కింది కాబట్టి ఆవిడ రికార్డులో స్పష్టంగా కనిపిస్తుంది.

ముందు అక్కడి పోలీస్ వ్యవస్థ గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే మనకి అలవాటైన లెక్క అక్కడ పనిచెయ్యదు. మన దగ్గర రాష్ట్రానికి ఒక డీజీపీ, కింద ఎస్పీలు, సీఐలు, ఎస్సైలు, పైన హోం శాఖ, సీఎం ఆఫీస్ నుంచి ఫోన్ వస్తే స్టేషన్ దాకా కదులుతుంది. అమెరికాలో అలా కాదు, దాదాపు 18,000 వేర్వేరు పోలీస్ సంస్థలు ఉన్నాయి, ఊరికో డిపార్ట్‌మెంట్, కౌంటీకో షెరిఫ్, ఆ షెరిఫ్‌ని చాలాచోట్ల జనమే ఓటేసి ఎన్నుకుంటారు, స్టేట్ పోలీస్ వేరే, చాలా యూనివర్సిటీలకి కూడా సొంత పోలీసులు ఉంటారు. వీళ్ళలో ఎవరికీ ప్రెసిడెంట్ బాస్ కాదు. ఒక పోలీసు ఎవర్నైనా చంపితే అతని మీద కేసు పెట్టాలా వద్దా అనేది మామూలుగా ఆ కౌంటీలో ఎన్నికైన డిస్ట్రిక్ట్ అటార్నీ చేతిలో ఉంటుంది. మన పబ్లిక్ ప్రాసిక్యూటర్ లాంటి పోస్టే అనిపిస్తుంది గానీ పవర్ చాలా చాలా ఎక్కువ, చార్జ్ పెట్టడం, ఏ సెక్షన్ పెట్టాలో తేల్చడం, మధ్యలో రాజీ బేరం కుదుర్చుకోవడం అంతా వాళ్ళిష్టమే.

ఇక వాషింగ్టన్ చేతిలో ఏముంది అంటే, ఫెడరల్ ఏజెంట్లకి రూల్స్ పెట్టొచ్చు, లోకల్ పోలీసులకి ఇచ్చే గ్రాంట్లకి షరతులు పెట్టొచ్చు, పౌరహక్కుల చట్టం కింద ఒక్కో పోలీసు మీద క్రిమినల్ కేసు పెట్టొచ్చు, ఒక డిపార్ట్‌మెంట్ మొత్తం అలవాటుగా హక్కులు తొక్కేస్తుంటే దాని మీద కోర్టుకెళ్ళి జడ్జి నిఘాలో సంస్కరణలు చేయించొచ్చు. ఆ చివరి అధికారం 1991లో లాస్ ఏంజెలెస్‌లో రాడ్నీ కింగ్‌ని పోలీసులు కొట్టిన వీడియో బయటికొచ్చాక 1994 క్రైమ్ చట్టంలో వచ్చింది. అంతకు మించి పెద్దగా ఏమీ లేదు. కాబట్టి ప్రెసిడెంట్ క్యాండిడేట్ ఎవరైనా పోలీస్ హింస ఆపేస్తా అంటే, ఎలా ఆపుతావు, ఏ మీట నొక్కుతావు అని అడగాల్సిందే.

ఇప్పుడు హారిస్ దగ్గరికి వద్దాం. తల్లి చెన్నై నుంచి వెళ్ళిన సైంటిస్ట్ శ్యామలా గోపాలన్, తండ్రి జమైకా నుంచి వచ్చిన ఎకనామిక్స్ ప్రొఫెసర్, ఇద్దరూ 60ల్లో పౌరహక్కుల ఊరేగింపుల్లో తిరిగిన వాళ్ళు. అలాంటి ఇంట్లోంచి వచ్చి ప్రాసిక్యూటర్ అవ్వడమేంటి అని ఆవిడని ఎప్పట్నుంచో అడుగుతున్నారు, ఆవిడ జవాబు ఎప్పుడూ ఒకటే, బయట నిలబడి తలుపు కొట్టడమే కాదు, లోపల నిర్ణయాలు జరిగే గదిలో కూడా మనవాళ్ళు ఉండాలి అని. ఆ జవాబు నాకు నచ్చుతుంది. కానీ లోపలికెళ్ళాక ఏం చేశారన్నదే కదా అసలు లెక్క.

2004 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో డిస్ట్రిక్ట్ అటార్నీ అయింది. మూడు నెలలు తిరిగేసరికే ఏప్రిల్‌లో ఐజాక్ ఎస్పినోజా అనే యువ పోలీస్ ఆఫీసర్‌ని ఒకడు కాల్చి చంపాడు. ఉరిశిక్ష అడగను అని ఎలక్షన్లోనే చెప్పింది కాబట్టి, ఆ కేసులో కూడా అడగను అని ఆఫీసర్ అంత్యక్రియలు అవకముందే ప్రకటించేసింది. పోలీసులు మండిపోయారు. అంత్యక్రియల్లో సొంత డెమోక్రాటిక్ పార్టీ సెనేటర్ డయాన్ ఫైన్‌స్టీన్ ఆవిడ ముందే ఇది ఉరిశిక్ష పడాల్సిన కేసు అంటే పోలీసులందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. హంతకుడికి చివరికి పెరోల్ లేని యావజ్జీవం పడింది గానీ పోలీస్ యూనియన్ల కోపం మాత్రం ఏళ్ళ తరబడి చల్లారలేదు, 2010లో స్టేట్ అటార్నీ జనరల్‌కి పోటీ చేసినప్పుడు పోలీస్ సంఘాల్లో ఎక్కువ శాతం ఎదుటి క్యాండిడేట్ స్టీవ్ కూలీ వెనకే నిలబడ్డాయి, ఆవిడ చాలా తక్కువ తేడాతో బయటపడింది, ఆ రిజల్ట్ తేలడానికే వారాలు పట్టింది.

ఈ ఒక్క సంఘటన అర్థమైతే తర్వాతి పదేళ్ళు సగం అర్థమవుతాయి. పోలీసులతో గొడవ పడితే ఎంత ఖర్చవుతుందో మొదటి ఏడాదే చూసింది. ఆ తర్వాత ఆవిడ వేసిన ప్రతి అడుగులో ఆ లెక్క కనిపిస్తుంది అని నా అభిప్రాయం.

శాన్‌ఫ్రాన్సిస్కోలో మంచి పనులూ చేసింది, మొదటిసారి డ్రగ్స్ అమ్ముతూ దొరికిన కుర్రాళ్ళకి జైలు బదులు చదువు, ఉద్యోగం ట్రైనింగ్ ఇచ్చే ప్రోగ్రాం పెట్టింది, అప్పట్లో అది మామూలు ధైర్యం కాదు. మరోపక్క 2010లో పోలీస్ క్రైమ్ ల్యాబ్‌లో ఒక టెక్నీషియన్ సాక్ష్యంగా ఉన్న కొకైన్ కాజేసిందని బయటపడ్డప్పుడు, ఆ టెక్నీషియన్ నమ్మదగ్గ మనిషి కాదన్న సంగతి హారిస్ ఆఫీసులో పైవాళ్ళకి ముందే తెలిసినా డిఫెన్స్ లాయర్లకి చెప్పలేదు, నిందితుల హక్కులు తొక్కేశారు అని జడ్జి తప్పుపట్టింది, వందల కేసులు కొట్టేయాల్సి వచ్చింది. పిల్లలు స్కూల్ ఎగ్గొడితే తల్లిదండ్రుల మీద కేసు పెట్టే చట్టం కూడా ఆవిడ వెనక ఉండి తెప్పించిందే, తర్వాత కొన్ని కౌంటీల్లో తల్లుల్ని అరెస్ట్ చేశారని తెలిసి 2019లో బాధపడుతున్నా అంది. లెఫ్ట్ వాళ్ళు ఆవిడ్ని పోలీస్ అని పిలవడానికి కారణాలు ఇలాంటివి, అవి గాల్లోంచి పుట్టినవి కావు.

2011 జనవరిలో కాలిఫోర్నియా అటార్నీ జనరల్ అయింది, అసలు పరీక్ష ఇక్కడే. రాష్ట్రం మొత్తానికి లా విషయంలో పెద్ద ఆవిడే, లోకల్ షెరిఫ్‌ల మీద, డిస్ట్రిక్ట్ అటార్నీల మీద పర్యవేక్షణ అధికారం రాష్ట్ర రాజ్యాంగంలోనే ఉంది. 2014 ఆగస్టులో ఫెర్గూసన్‌లో పోలీసు కాల్పుల్లో నల్లజాతి కుర్రాడు మైకేల్ బ్రౌన్ చనిపోయాక దేశమంతా రోడ్డెక్కింది, అప్పుడు అందరి నోటా వచ్చిన డిమాండ్ ఒకటుంది, పోలీసు ఎవర్నైనా చంపితే ఆ కేసు లోకల్ ప్రాసిక్యూటర్ చూడకూడదు, బయటి వాళ్ళు చూడాలి అని.

ఈ డిమాండ్ ఎందుకొచ్చిందో కాస్త ఆగి చెప్పాలి, మొత్తం గొడవలో ముడి ఇక్కడే ఉంది కాబట్టి. డిస్ట్రిక్ట్ అటార్నీ ఆఫీసుకి రోజూ పోలీసులతోనే పని. సాక్ష్యం తెచ్చేది వాళ్ళే, కోర్టులో బోనెక్కి చెప్పేది వాళ్ళే, ఎలక్షన్ వస్తే సపోర్ట్ ఇచ్చేదీ డబ్బు పెట్టేదీ వాళ్ళ యూనియన్లే. రేపు ఉదయం ఎవరి సాయం లేకపోతే నీ కేసులు నడవవో ఈ రోజు సాయంత్రం వాళ్ళ మీదే మర్డర్ కేసు పెట్టమంటే ఎంతమంది పెడతారు. అమెరికాలో పోలీసుల కాల్పుల్లో ఏడాదికి సుమారు వెయ్యి మంది చనిపోతున్నారు, జనాభాలో తమ వాటాతో పోల్చి చూస్తే నల్లజాతి వాళ్ళు తెల్లవాళ్ళ కంటే రెండు రెట్లకి పైగా చనిపోతున్నారు, అందులో పోలీసు మీద కేసు దాకా వెళ్ళేవి చాలా కొద్ది. ప్రతి ప్రాసిక్యూటరూ చెడ్డవాడని కాదు, సీటు అలాంటిది.

మన తెలుగు వాళ్ళకి ఇది దూరపు సంగతేమీ కాదు. 2023 జనవరిలో సియాటిల్‌లో మన తెలుగమ్మాయి, చదువుకోడానికి వెళ్ళిన పిల్ల, రోడ్డు దాటుతుంటే పోలీస్ కారు గుద్ది చనిపోయింది. గంటకి 25 మైళ్ళు వెళ్ళాల్సిన చోట ఆ కారు 74 మైళ్ళ స్పీడు దాకా వెళ్ళింది. తర్వాత ఇంకో ఆఫీసర్ ఆ చావు గురించి ఫోన్లో నవ్వుతూ, ఆ అమ్మాయికి పెద్ద విలువేం లేదు అన్నట్టు మాట్లాడటం బాడీ కెమెరాలో రికార్డ్ అయింది. అది విన్న ప్రతి తెలుగు తల్లిదండ్రుల కడుపూ రగిలిపోయింది. ఆ డ్రైవర్ మీద పెద్ద నేరం కేసు పెట్టాలా అనేది తేల్చింది ఎవరు? ప్రెసిడెంట్ కాదు, వైస్ ప్రెసిడెంట్‌గా ఉన్న హారిస్ కాదు, మన ఎంబసీ కాదు, కింగ్ కౌంటీలో ఎన్నికైన ప్రాసిక్యూటర్. 2024 ఫిబ్రవరిలో, కోర్టులో నిలబడేంత రుజువు లేదు, ఎమర్జెన్సీ కాల్‌కి వెళ్తున్నాడు, నిర్లక్ష్యం వేరు తెలిసి తెలిసి ఎదుటివాళ్ళ ప్రాణాలు లెక్కచెయ్యకుండా నడపడం వేరు అని కేసు పెట్టలేదు. చివరికి ఆ డ్రైవర్‌కి పడింది ట్రాఫిక్ ఉల్లంఘన కింద 5,000 డాలర్ల చలాన్. ఇద్దరు ఆఫీసర్లనీ తర్వాత ఉద్యోగంలోంచి తీసేశారు, నవ్విన అతన్ని 2024లో, నడిపిన అతన్ని 2025లో. ఇంకో సంగతి, అప్పటికే ఆ సియాటిల్ పోలీస్ డిపార్ట్‌మెంట్ 2012 నుంచి ఫెడరల్ కోర్టు నిఘాలో ఉంది. అంటే వాషింగ్టన్ చేతిలో ఉన్న అన్నిటికంటే పెద్ద ఆయుధం అక్కడ వాడుకలో ఉండగానే ఇది జరిగింది.

సరే, కాలిఫోర్నియాకి. 2015లో కెవిన్ మెకార్టీ అనే అసెంబ్లీ మెంబర్, పోలీసు చేతిలో ఎవరైనా చనిపోతే స్టేట్ అటార్నీ జనరల్ ఇండిపెండెంట్‌గా దర్యాప్తు చేయించాలి అని బిల్లు తెచ్చాడు. అటార్నీ జనరల్ ఎవరు, హారిసే. ఆ పవర్ ఆవిడ చేతికే వస్తుంది. ఆవిడ సపోర్ట్ చెయ్యలేదు. జనం ఎన్నుకున్న లోకల్ ప్రాసిక్యూటర్ల చేతిలోంచి నిర్ణయం లాక్కోవడం మంచి పాలసీ కాదు అని అంతకు ముందే చెప్పింది. బిల్లు చచ్చిపోయింది. అదే ఏడాది పోలీసుల బాడీ కెమెరాలకి రాష్ట్రమంతా ఒకే రూల్ ఉండాలని ఇంకో బిల్లు వస్తే, ఊరికో పరిస్థితి, అందరికీ ఒకటే కొలత పనికిరాదు అంది. ఆవిడ వాదనలో పాయింట్ అస్సలు లేదని అనను, లోకల్ ప్రాసిక్యూటర్ తప్పు చేస్తే జనం ఓడించొచ్చు అనేది ప్రజాస్వామ్యంలో చిన్న విషయం కాదు. కానీ బిడ్డ చచ్చిపోయిన తల్లి నాలుగేళ్ళకోసారి వచ్చే ఎలక్షన్ దాకా ఆగాలా? శాన్‌ఫ్రాన్సిస్కోలో, లాస్ ఏంజెలెస్‌లో ఆ కుటుంబాలు ఆవిడ్ని సూటిగా వేడుకున్నాయి, ఆ రోజు ఆవిడ చెయ్యగలిగి చెయ్యలేదు, నా దృష్టిలో ఆవిడ రికార్డులో అన్నిటికంటే బరువైన పేజీ ఇదే.

అలాగని ఊరికే కూర్చోలేదు. పోలీస్ కస్టడీ చావుల లెక్కలు అందరూ చూసేలా 2015లో వెబ్‌సైట్‌లో పెట్టించింది, తన కింద పనిచేసే స్టేట్ ఏజెంట్లకి బాడీ కెమెరాలు పెట్టించింది, మనకి తెలియకుండానే మనసులో ఉండే జాతి పక్షపాతం మీద పోలీసులకి ట్రైనింగ్ పెట్టించింది, సెనేట్‌కి వెళ్ళిపోయే ముందు 2016 డిసెంబర్‌లో కెర్న్ కౌంటీ షెరిఫ్ మీదా బేకర్స్‌ఫీల్డ్ పోలీసుల మీదా దర్యాప్తు మొదలుపెట్టింది. గమనిస్తే వీటిల్లో చాలావరకు సమాచారం, ట్రైనింగ్, కెమెరా లాంటివి, ఎవరి ఉద్యోగానికీ ఎసరు రానివి. ఒక పోలీసుని పట్టుకుని కోర్టు బోనులో నిలబెట్టే పనులు తక్కువ.

2017లో సెనేటర్ అయ్యాక మాట మారడం మొదలైంది. కోరీ బుకర్, టిమ్ స్కాట్‌లతో కలిసి లించింగ్‌ని, అంటే గుంపుగా చేరి మనిషిని చంపడాన్ని, ఫెడరల్ నేరం చెయ్యాలని 2018లో బిల్లు పెట్టారు, అప్పట్లో సెనేట్ దాటినా చట్టం కాలేదు, చివరికి 2022 మార్చిలో అలా బలైపోయిన నల్లజాతి కుర్రాడు ఎమెట్ టిల్ పేరుతో ఆ చట్టం వచ్చింది, వందేళ్ళకి పైగా అడుగుతూ వచ్చిన చట్టం అది. 2019లో ప్రెసిడెంట్ రేసులో దిగినప్పుడు పోలీసులు ప్రాణం తీసే బలం వాడటం అవసరమైనప్పుడే జరగాలి, ఊరికే సమంజసంగా అనిపిస్తే చాలదు అని ప్లాన్‌లో పెట్టింది. ఇది చిన్న తేడాలా ఉంటుంది గానీ కాదు, 1989లో సుప్రీంకోర్టు గ్రాహమ్ వర్సెస్ కానర్ కేసులో పెట్టిన కొలత ప్రకారం అక్కడున్న పోలీసు స్థానంలో ఇంకో పోలీసుకి ఆ క్షణంలో ఏమనిపిస్తుంది అనేదే చూస్తారు, వేరే దారి ఉందా లేదా అన్నది కాదు. ఆ ఏడాది జూలై డిబేట్‌లో తులసీ గబ్బార్డ్ ఆవిడ ప్రాసిక్యూటర్ రికార్డు మొత్తం తీసి స్టేజి మీదే కడిగేసింది, హారిస్ సరైన జవాబు చెప్పలేకపోయింది, డిసెంబర్‌కల్లా రేసులోంచి తప్పుకుంది.

తర్వాత 2020 మే 25, మినియాపోలిస్, పోలీసు మెడ మీద మోకాలు పెట్టి చంపిన నల్లజాతి మనిషి జార్జ్ ఫ్లాయిడ్. రెండు వారాలకే హారిస్, బుకర్ సెనేట్ వైపు, కరెన్ బాస్, జెర్రీ నాడ్లర్ కాంగ్రెస్‌లో రెండో సభ అయిన హౌస్ వైపు కలిసి పెట్టిన బిల్లే తర్వాత ఫ్లాయిడ్ పేరుతో పిలుస్తున్నది. 2015లో ఒప్పుకోని మనిషి 2020లో రాసిన ఈ బిల్లు చాలా దూరం వెళ్ళింది, కాబట్టి అందులో ఏముందో కాస్త వివరంగా చూద్దాం.

ఒకటి, ఫెడరల్ చట్టం కింద పోలీసుకి శిక్ష పడాలంటే అతను హక్కుల్ని కావాలనే, తెలిసే ఉల్లంఘించాడని రుజువు చెయ్యాలి, మనసులో ఉన్నది రుజువు చెయ్యడం ఎంత కష్టమో ఏ లాయర్‌ని అడిగినా చెప్తారు, అందుకే ఆ కేసులు అరుదు. బిల్లు ఆ గడప తగ్గించి, ఏమైతే అయిందని తెగించి చేసినా నేరమే అనమంది. రెండోది క్వాలిఫైడ్ ఇమ్యూనిటీ, ఇది చాలామందికి పేరు తెలుసు, సంగతి తెలీదు. ఇది జైలుకి సంబంధించింది కాదు, నష్టపరిహారం దావాకి సంబంధించింది. అంతర్యుద్ధం తర్వాత 1871లో కు క్లక్స్ క్లాన్ దౌర్జన్యాలు ఆపడానికి చేసిన చట్టం ప్రకారం అధికారి నీ రాజ్యాంగ హక్కు తొక్కితే అతని మీద దావా వెయ్యొచ్చు. కానీ 1967 నుంచి సుప్రీంకోర్టు తీర్పుల మీద తీర్పులు ఇచ్చుకుంటూ పోయి, అచ్చం ఇలాంటి పరిస్థితిలోనే ఇది తప్పు అని ముందే ఒక కోర్టు తేల్చి ఉంటే తప్ప ఆఫీసర్ మీద దావా నిలబడదు అనే దాకా తెచ్చింది. ముందు తీర్పు లేదు కాబట్టి దావా కొట్టేస్తారు, కొట్టేశారు కాబట్టి ఈసారీ తీర్పు రాదు, మళ్ళీ ఇంకో కుటుంబం వచ్చినా అదే గోడ. గానుగ చుట్టూ ఎద్దు తిరిగినట్టే. కాంగ్రెస్, అంటే అక్కడి పార్లమెంటు, చేసిన చట్టాన్ని జడ్జిలు ఇలా పిండేయడం నాకు ఎప్పటికీ మింగుడు పడదు. ఆ బిల్లు పోలీసులకి ఈ రక్షణ తీసేయమంది. ఇవి కాక ఫెడరల్ ఏజెంట్లు గొంతు నొక్కి పట్టుకోవడం నిషేధం, డ్రగ్స్ కేసుల్లో తలుపు కొట్టకుండా ఇంట్లో దూరే వారంట్లు బంద్, ఒక ఊళ్ళో ఉద్యోగం ఊడిన పోలీసు పక్క ఊళ్ళో చేరకుండా దేశమంతటికీ ఒక రిజిస్టర్, మిలిటరీ సామాను లోకల్ పోలీసులకి ఇవ్వడం మీద పరిమితి, ఇవన్నీ ఉన్నాయి.

బడ్జెట్ సంగతి కూడా ఆ జూన్‌లోనే వచ్చింది. హారిస్ ఎప్పుడూ పోలీస్ డిపార్ట్‌మెంట్లు ఎత్తేయాలి అనలేదు. కానీ లాస్ ఏంజెలెస్ మేయర్ ఎరిక్ గార్సెట్టి పోలీస్ బడ్జెట్లోంచి 150 మిలియన్ డాలర్ల దాకా తీసి వేరే సేవలకి ఇస్తా అంటే మెచ్చుకుంది, పోలీసులు ఎక్కువైతే భద్రత ఎక్కువవుతుంది అనుకోవడం తప్పు అంది. అదే మనిషి 2009లో తను రాసిన పుస్తకంలో రోడ్ల మీద ఇంకా పోలీసులు కావాలా అంటే నా చెయ్యి ముందు లేస్తుంది అని రాసుకుంది. రెండూ ఆవిడ మాటలే. మధ్యలో నల్లజాతి జనం ఏమనుకుంటున్నారంటే, 2020 వేసవిలో గాలప్ సర్వేలో 81 శాతం మంది తమ ఏరియాలో పోలీసులు ఇప్పుడున్నంత సేపైనా ఉండాలి, లేదా ఇంకా ఎక్కువ ఉండాలి అన్నారు. వాళ్ళు అడిగేది పోలీసు రావాలి, వస్తే మనిషిలా చూడాలి అని. 2021 నవంబర్‌లో మినియాపోలిస్‌లోనే పోలీస్ డిపార్ట్‌మెంట్ బదులు వేరే శాఖ పెట్టాలన్న ప్రతిపాదనని ఓటర్లు ఓడించారు. టీవీ స్టూడియోల్లో వినపడే రెండు గొంతులకీ ఈ జనం దొరకరు.

ఆ బిల్లు హౌస్‌లో 2020లో ఒకసారి, 2021 మార్చిలో 220-212తో ఇంకోసారి పాసైంది. అప్పటికి హారిస్ వైస్ ప్రెసిడెంట్, సెనేట్‌లో రెండు పార్టీలకీ చెరో 50, సమానమైతే ఓటేసేది ఆవిడే, ఆ నాలుగేళ్ళలో అలా 33 సార్లు ఓటేసి చరిత్రలో రికార్డు కొట్టింది. కానీ ఈ బిల్లు ఓటింగ్ దాకా రావాలంటే ఫిలిబస్టర్ అనే, సెనేట్‌లో ఓటింగ్‌ని అడ్డుకునే పద్ధతిని దాటాలి, దానికి 60 ఓట్లు, ఆవిడ రాసిన బిల్లుకే ఆవిడ ఓటు పనికిరాలేదు. రిపబ్లికన్ల తరఫున టిమ్ స్కాట్, డెమోక్రాట్ల తరఫున బుకర్, బాస్ నెలల తరబడి మాట్లాడుకుని 2021 సెప్టెంబర్‌లో చేతులెత్తేశారు, క్వాలిఫైడ్ ఇమ్యూనిటీ దగ్గర, క్రిమినల్ శిక్షల దగ్గర ముడి విడలేదు. తర్వాత బైడెన్ 2022 మే 25న, ఫ్లాయిడ్ రెండో వర్ధంతి రోజున, ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ ఇచ్చాడు, ఫెడరల్ ఏజెంట్ల వరకు రూల్స్, తప్పు చేసిన ఫెడరల్ ఆఫీసర్ల డేటాబేస్. ఆ 18,000 సంస్థల్ని మాత్రం అది ముట్టుకోలేదు, ముట్టుకునే పవర్ లేదు. అంతకు దాదాపు మూడు నెలల ముందే బైడెన్ కాంగ్రెస్‌లో నిలబడి పోలీసులకి నిధులు పెంచాలి అని గట్టిగా చెప్పి ఉన్నాడు, హారిస్ ఆయన వెనకే కూర్చుని ఉంది.

2024కి వచ్చేసరికి ఆవిడ ప్రచారం మొత్తం నేను ప్రాసిక్యూటర్‌ని, ఎదుటివాడు దోషిగా తేలిన మనిషి అనే లైన్ మీద నడిచింది. ఫ్లాయిడ్ బిల్లుని వదిలెయ్యలేదు, ఆ జూలైలో ఇలినాయ్‌లో సాయం కోసం ఫోన్ చేసిన నల్లజాతి మహిళని షెరిఫ్ డిప్యూటీ ఆమె ఇంట్లోనే కాల్చి చంపినప్పుడు ఆ కుటుంబంతో మాట్లాడింది, కాంగ్రెస్ బిల్లు పాస్ చెయ్యాలంది. 2023లో మెంఫిస్‌లో పోలీసులు కొట్టడంతో చనిపోయిన నల్లజాతి కుర్రాడు టైరీ నికల్స్ అంత్యక్రియలకీ వెళ్ళింది, అతన్ని కొట్టిన ఆ ఐదుగురు పోలీసులూ నల్లజాతి వాళ్ళే, రంగు మార్చినంత మాత్రాన డిపార్ట్‌మెంట్ మారదని అందరికీ ఆ రోజు తెలిసింది. కానీ ర్యాలీల్లో ఈ మాటలు చాలా తగ్గిపోయాయి. 2020 మాటలు ఓట్లు పోగొడతాయని భయం, 2004లో పోలీసుల కోపం చూసిన అనుభవం, రెండూ కలిసి ఆవిడ్ని మళ్ళీ మొదటి చోటికే తెచ్చాయి అనిపిస్తుంది.

ఎదుటి వైపు కూడా చెప్పకపోతే అన్యాయం. ట్రంప్ 2018లో జైలు శిక్షలు తగ్గించే ఫస్ట్ స్టెప్ యాక్ట్ మీద సంతకం పెట్టాడు, అది నిజంగా వేలమందికి మేలు చేసింది. 2020 జూన్‌లో గొంతు నొక్కడం మీద పరిమితి పెట్టే ఆర్డర్ కూడా ఇచ్చాడు, పోలీసు ప్రాణానికి ప్రమాదం ఉంటే తప్ప అని. కానీ 2024లో పోలీసుల్ని ప్రాసిక్యూషన్ నుంచి కాపాడతా అన్నాడు, నేరాలు ఆగాలంటే పోలీసులకి ఒక గంట గట్టిగా వదిలేస్తే చాలు అన్నాడు. దేశంలో పెద్ద పోలీస్ సంఘం ఫ్రాటర్నల్ ఆర్డర్ ఆఫ్ పోలీస్ ఆయనకే సపోర్ట్ ఇచ్చింది. ఇద్దర్నీ ఒకే గాటన కట్టడం నాకు ఒప్పదు, ఒకరు పోలీసుకి జవాబుదారీ ఉండాలని ఒప్పుకుని తెగించలేకపోయారు, ఒకరు జవాబుదారీ తగ్గించడమే మంచిదన్నారు.

ట్రంప్ గెలిచాక ఆ తేడా వెంటనే కనిపించింది. 2025 జనవరి 20న, మొదటి రోజే, బైడెన్ ఆర్డర్ రద్దయిపోయింది, ఆ డేటాబేస్ మూసేశారు. మే నెలలో, ఫ్లాయిడ్ ఐదో వర్ధంతికి కొద్ది రోజుల ముందు, మినియాపోలిస్‌తో లూయివిల్‌తో కుదిరిన కోర్టు ఒప్పందాల నుంచి ఫెడరల్ ప్రభుత్వం తప్పుకుంది. సంతకంతో వచ్చినవి సంతకంతోనే పోయాయి.

రాష్ట్రాల్లో వచ్చినవి మాత్రం ఉన్నాయి. కొలరాడో 2020లోనే తన స్టేట్ కోర్టుల్లో క్వాలిఫైడ్ ఇమ్యూనిటీ సాకు చెల్లకుండా చేసింది, మరుసటి ఏడాది న్యూమెక్సికో చేసింది. కాలిఫోర్నియాలో 2015లో హారిస్ సపోర్ట్ లేక చచ్చిపోయిన ఆలోచనని అదే కెవిన్ మెకార్టీ 2020లో మళ్ళీ తెచ్చాడు, ఈసారి పాసైంది, 2021 జులై 1 నుంచి అమల్లో ఉంది. ఆయుధం లేని మనిషిని పోలీసు కాల్చి చంపితే ఇప్పుడు అక్కడ దర్యాప్తు చేసేది, ఆవిడ ఆరేళ్ళు నడిపిన ఆ అటార్నీ జనరల్ ఆఫీసే.